ఏడుంబావుకి తెరిచిన బుట్టలు

ఆ శనివారం పొద్దున్న ఇర్మా వంటింట్లోకి వచ్చేసరికి కూతురు హిల్డ అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా కంప్యూటరు, పక్కన రెండు ఫోన్లు, తాగకుండానే చల్లారిపోయిన కాఫీ. ఒంటి మీద నిన్నటి స్వెట్టరే ఉంది.

"అసలు పడుకున్నావా?" అంది ఇర్మా, స్టవ్ మీద నీళ్ళు పెడుతూ.

"మూడింటి దాకా పడుకున్నా. తర్వాత మబ్బులు పడుకోనివ్వలేదు."

ఫ్రాన్సులో బూర్జ్ ఊరి బయట మైదానంలో మూడు లారీలు ఆగి ఉన్నాయి. వాటి బుట్టల్లో ఐదువేల నాలుగువందల పావురాలు. అన్నీ ఈ ఏడు పుట్టినవే, అంత దూరం నుంచి మొదటిసారి ఇల్లు వెతుక్కుంటూ ఎగరబోతున్నవి. సరిహద్దుకి ఇవతల లై నది పొడుగునా ఇరవైరెండు ఊళ్ళ వాళ్ళు పెంచిన పిల్లలవి. ఆ ఊళ్ళన్నింటికీ కలిపి ఒకటే పందేల సంఘం. దానికి ఇర్మా భర్త గాస్టన్ పందొమ్మిదేళ్ళుగా ప్రెసిడెంటు. అయినా బుట్టలు ఎప్పుడు తెరవాలో చెప్పే హక్కు ప్రెసిడెంటుకి లేదు. అది విడుదల అధికారిది. మూడేళ్ళుగా ఆ పని హిల్డ చేస్తోంది. ప్రెసిడెంటు కూతురు కాబట్టి ఇచ్చారని మొదట్లో గొణిగినవాళ్ళున్నారు. మూడేళ్ళలో ఒక్క పందెం కూడా పాడవకపోయేసరికి ఆ గొణుగుడు ఆగిపోయింది.

ఆరుంబావుకి హిల్డ లారీ డ్రైవరు ఫిర్మన్‌కి ఫోన్ చేసింది.

"ఫిర్మన్, బుట్టలు తెరవకు. పారిస్ దాటాక పడమటి నుంచి ఉరుముల వాన వస్తోంది. ఇప్పుడు వదిలితే తిన్నగా దాని నోట్లోకి పోతాయి."

"ఇక్కడ ఫెళ్ళున ఎండ కాస్తోంది తల్లీ! పావురాలు ఒకటే రెక్కలు కొట్టుకుంటున్నాయి."

"కాయనీ. వాటికి నీళ్ళు పట్టు. తొమ్మిదింటికి మళ్ళీ చేస్తా. అప్పటికీ మబ్బు కదలకపోతే రేపటికి వాయిదా."

ఫోన్ పెట్టేసి హిల్డ కళ్ళు నులుముకుంది. విడాకులయ్యాక పుట్టింటికి వచ్చి నాలుగేళ్ళయింది. వారమంతా పక్క ఊరి మందుల షాపులో నిలబడి పనిచేస్తుంది, శని ఆదివారాలు ఈ చాకిరీ.

"వెళ్ళి కాసేపు నడుం వాల్చు. తొమ్మిదింటికి నేను లేపుతా" అంది ఇర్మా.

"మర్చిపోవుగా?"

"పన్నెండేళ్ళు నిన్ను బడికి లేపింది ఎవరనుకున్నావు? పో."

హిల్డ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఇంకో అరగంటకి గాస్టన్ వచ్చాడు. ఎదురు వరసలో మూడో ఇంటి నుంచి వస్తున్నాడు. అది అతని తమ్ముడు ఓమెర్‌ది. నలభై ఏళ్ళు అవిసె నార మిల్లులో పనిచేసిన మనిషి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. రెండు రోజులు, మహా అయితే మూడు అని డాక్టరు గురువారం చెప్పి వెళ్ళాడు. ఓమెర్ అడిగితే మంచాన్ని పెరటి కిటికీ దగ్గరికి జరిపారు. అక్కణ్ణుంచి అతని పావురాల గూడు కనిపిస్తుంది. అతనివి పదకొండు పిల్లలు ఆ లారీల్లో ఉన్నాయి.

"ఎలా ఉన్నాడు?" అని అడిగింది ఇర్మా.

"తెల్లారాక ఒకసారి కళ్ళు తెరిచాడు. ఇవాళ వస్తాయా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"మధ్యాహ్నానికల్లా వస్తాయన్నాను."

"అయ్యో, పిల్ల తొమ్మిది దాకా ఆగమంది గాస్టన్. రేపటికి పోవచ్చట."

గాస్టన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "రేపటికి వాడుండడు" అన్నాడు. కిటికీ తెర పక్కకి లాగి బయటికి చూశాడు. కడిగినట్టున్న నీలం ఆకాశం. "ఏముంది అక్కడ? నువ్వే చూడు."

ఆమె చూడలేదు. అతను నడవలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. ఫోన్లో మాటలు ప్రతి ఒక్కటీ వినపడ్డాయి.

"ఫిర్మన్, తెరిచెయ్... ఆఁ, హిల్డ సరేనంది. ఇక్కడే పక్కనే ఉంది... నేను చెప్తున్నాగా!"

ఇర్మా చేతిలో కత్తి రొట్టెలో సగానికి దిగి ఆగిపోయింది. కూతురి గదికి పధ్నాలుగు మెట్లు. ఎక్కి తలుపు తడితే చాలు, ఫిర్మన్ బుట్టల దాకా నడిచేలోపే హిల్డ అతన్ని ఆపగలదు. ఆమెకి ఓమెర్ మొహం కళ్ళ ముందు మెదిలింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో పావురాల విషయంలో భర్త మాటకి ఏనాడూ అడ్డుచెప్పలేదు. వాన పక్కకి పోవచ్చుగా అనుకుంది. గోడ మీది గడియారంలో ఏడుంబావు అయింది. ఆమె రొట్టె కోస్తూ ఉండిపోయింది. ఇంట్లో ముగ్గురే అయినా రొట్టె మొత్తం కోసేసింది.

తొమ్మిదింటికి హిల్డని లేపింది. ఏమీ చెప్పలేదు. హిల్డ మెట్లు దిగుతూనే ఫోన్ చేసింది.

"ఆకాశం ఎలా ఉంది ఫిర్మన్?"

"ఆకాశంతో ఇంకేం పని? బుట్టలు కడిగేసి దారి పట్టాం. నువ్వేగా తెరవమంది!"

హిల్డ ఫోన్ పెట్టేసింది. కంప్యూటరు తెర మీద వాన గీత పారిస్‌కి ఉత్తరాన అడ్డంగా పరుచుకుని ఉంది. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"నా పేరు చెప్పావా?"

"ఓమెర్ కోసం హిల్డా. వాడు పోయేదాకా ఆగు. తర్వాత అంతా నేను చూసుకుంటా."

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇరవైరెండు ఊళ్ళలో మనుషులు పెరట్లో కుర్చీలు వేసుకుని దక్షిణం వైపు చూస్తూ కూర్చున్నారు. రెండయింది. మూడింటికి ఆ వాన వీళ్ళ మీదికే వచ్చింది. కుర్చీలు లోపలికి తెచ్చుకుని కిటికీల్లోంచి చూశారు. వాన వెలిశాక అక్కడొకటి, ఇక్కడొకటి తడిసి, తోక ఈకలు ఊడి, గూటి మీద వాలాయి. ఓమెర్ గూటి మీద ఒక్కటీ వాలలేదు. అయిదు గంటల వేళ అతను పెదాలు కదిపాడు. "వచ్చాయా?" అన్నట్టు వినపడింది. గాస్టన్ వంగి, "వచ్చాయిరా, పదకొండూ వచ్చేశాయి" అన్నాడు. ఇర్మా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఖాళీ గూడు చూస్తోంది. ఆ రాత్రే ఓమెర్ పోయాడు.

సోమవారానికి లెక్క తేలింది. ఐదువేల నాలుగువందల్లో ఇల్లు చేరినవి మూడువందల పన్నెండు.

ఆ రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఫ్రాన్సులో బీట్‌రూటు పొలాల రైతులు, రోడ్డు పని కూలీలు, చచ్చిన పావురం కనిపిస్తే కాలి రింగు మీది నంబరు చదివి చెప్పేవాళ్ళు. ఇర్మా వాటిని ఒక నోటుబుక్కులో రాసుకునేది. నంబరు బట్టి అది ఎవరిదో పట్టుకుని, ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సింది విడుదల అధికారి. హిల్డ చెప్పేది. చెప్పిన ప్రతిచోటా తిట్లు తినేది.

"నిద్ర బాగా పట్టిందా ఆ రోజు?" అన్నాడు నార్బెర్ట్ అనే సభ్యుడు, రొట్టెల షాపు వరసలో అందరి ముందూ. "మందుల షాపు మనిషివిగా, మాత్ర నువ్వే మింగావేమో."

ఫిర్మన్ పుస్తకంలో 'ఏడుంబావు, విడుదల అధికారి మాట మీద' అని రాసి ఉంది. అతను అబద్ధం రాయలేదు. తనకి చెప్పిందే రాశాడు. ఊళ్ళకి అది చాలింది. బుధవారం ఓమెర్‌ని పాతిపెట్టి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల పెట్టె ఒకటి పెట్టి ఉంది. అందులో చచ్చిన పావురం, దాని మెడకి కట్టిన చీటీ మీద హిల్డ పేరు. హిల్డ దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, రింగు నంబరు చూసి నోటుబుక్కులో రాసి, తర్వాత పాతిపెట్టింది.

శుక్రవారం భోజనాల దగ్గర ఆమె అడిగింది. "ఎప్పుడు చెప్తావు నాన్నా?"

"ఆదివారం సమావేశం ఉందిగా."

"అక్కడ చెప్తావా?"

గాస్టన్ సూపులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. "కాస్త నిదానంగా ఆలోచించు హిల్డా. మబ్బుని తప్పుగా అంచనా వేసిన అధికారికి రెండేళ్ళ నిషేధం. రెండేళ్ళే. నీకింకా ముప్పై ఆరు. అధికారిని కాదని బుట్టలు తెరిపించినవాడికి పధ్నాలుగో నియమం. జన్మలో మళ్ళీ పందెం ఆడకూడదు. గూట్లో ఉన్న పావురాల రింగులన్నీ రద్దు."

"ఆ నియమం రాసిందెవరు?"

"నేనే."

"ఎవరి కోసం రాశావు? నీకు తప్ప మిగతా అందరికీనా?"

"నాకు డెబ్భై ఒక్కేళ్ళు!" గాస్టన్ గొంతు లేచింది. "పొద్దున్నే లేచి గూటికి పోవడం తప్ప నాకింకేం తెలుసు? అది తీసేస్తే నేనెవణ్ణి?"

"మరి నేనెవర్ని? నిద్రపోతూ ఐదువేల పావురాల్ని చంపినదాన్ని. షాపులో మందుల చీటీ నా చేతికివ్వట్లేదు, తెలుసా? పక్క పిల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడుతున్నారు." హిల్డ ప్లేటు ముందుకి నెట్టేసింది. "నిన్ను పట్టించే మాట నా నోటి వెంట రాదు. భయపడకు. నువ్వే చెప్పాలి."

లేచి వెళ్ళబోతూ తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆ పొద్దున్న నువ్విక్కడే ఉన్నావు కదూ?"

"రొట్టె కోస్తున్నా" అంది ఇర్మా.

హిల్డ తల్లి వంక చాలాసేపు చూసి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం పది గంటలకి కాఫీ హోటలు మీది హాలు కిక్కిరిసిపోయింది. గాస్టన్ అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఇర్మా మూల బల్ల దగ్గర అందరికీ కాఫీ పోస్తోంది. ఉపాధ్యక్షుడు లూసియన్ డ్రైవరు పుస్తకం చదివాడు. ఫిర్మన్ లేచి టోపీ నలుపుతూ, "ప్రెసిడెంటుగారు ఫోన్ చేశారు. హిల్డ సరేనందన్నారు. తెరిచాను" అన్నాడు.

"హిల్డా, సరేనన్నావా?" అని అడిగాడు లూసియన్.

"నేను చెప్పేదేం లేదు."

హాలంతా గోల. "చెప్పడానికి మొహముంటేగా!" అన్నాడు నార్బెర్ట్. అప్పుడు ముందు వరసలోంచి ఆగ్నెస్ లేచింది. భర్త పోయి ఆరు నెలలైన ఆమెని చూసి అందరూ సద్దుమణిగారు.

"నావి పందొమ్మిది పోయాయి. మా ఆయన జత కట్టిన ఆఖరి పావురాల పిల్లలవి. ఆ రక్తం ఇంకెక్కడా లేదు. నేను తిట్టడానికి లేవలేదమ్మా. ఆ పొద్దున్న నువ్వు ఆకాశం చూశావా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పు."

హిల్డ తండ్రి వైపు చూసింది. అతను తన ముందున్న కాగితాలు సర్దుకుంటున్నాడు.

కమిటీ పక్క గదిలోకి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. నిర్ణయాన్ని చదవాల్సింది అధ్యక్షుడు. గాస్టన్ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం పైకెత్తి, సంఘం పేరు చదివాడు, తేదీ చదివాడు, హిల్డ పేరు చదివాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ పేరుని ముక్కూ మొహం తెలియనివాళ్ళ పేరు చదివినట్టు చదివాడు.

ఇర్మా చేతిలోని కాఫీ పాత్రని బల్ల మీద పెట్టింది. "ఆగు గాస్టన్."

ఆ హాల్లో ఆమె గొంతు అంతకు ముందు ఎవరూ విననేలేదు. తలలన్నీ తిరిగాయి.

"ఆగ్నెస్, హిల్డ చూసింది. మూడింటి నుంచీ ఆకాశమే చూస్తూ కూర్చుంది. తొమ్మిది దాకా తెరవొద్దని నా ఎదుటే ఫిర్మన్‌కి చెప్పింది. చెప్పిందా లేదా ఫిర్మన్?"

"చెప్పిందమ్మా. ఆరుంబావుకి చెప్పింది. తర్వాత మనసు మార్చుకుందనుకున్నా."

"ఏడుంబావుకి అది పైన నిద్రపోతోంది. పడుకోబెట్టింది నేను. ఈయన దాని పేరు పెట్టి ఫోన్లో చెప్తుంటే విన్నది నేను. పధ్నాలుగు మెట్లు ఎక్కి లేపకుండా కూర్చున్నదీ నేనే." ఆమె చేతులు రెండూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. "పోతున్న మరిది కోసం అనుకున్నాను. మీ పావురాల గురించి అనుకోలేదు. నా కూతురి గురించీ అనుకోలేదు. రాసుకోండి, నా పేరు కూడా రాసుకోండి."

నార్బెర్ట్ కుర్చీలోంచి లేచాడు.

"నిజమేనా ప్రెసిడెంటుగారూ?" నార్బెర్ట్ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

గాస్టన్ కళ్ళజోడు తీశాడు. లూసియన్ నియమాల పుస్తకం కోసం చెయ్యి చాపాడు. "పుస్తకం అక్కర్లేదు" అన్నాడు గాస్టన్. "నిజమే." నిలబడి పధ్నాలుగో నియమాన్ని చూడకుండా మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాడు. పేరు రావాల్సిన చోట తన పేరు చెప్పాడు. అధ్యక్షుడు మోగించే గంటని లూసియన్ ముందుకి జరిపి, జనం మధ్యలోంచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎవరూ దారివ్వలేదు, తోసుకునే వెళ్ళాల్సివచ్చింది.

బుధవారం సంఘం తరఫున ఇద్దరు వచ్చారు. గూట్లో నలభైఆరు పావురాలని ఒక్కొక్కటే పట్టి, రింగు నంబరు చూసి, జాబితాలో కొట్టేశారు. గాస్టన్ తనే పట్టిచ్చాడు. వాటిని పెంచుకోవచ్చు, గింజలెయ్యొచ్చు, పందేనికి మాత్రం ఇక పనికిరావు. ఆ పని రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లోనూ, ఆ తర్వాతా అతను ఇర్మాతో మాట్లాడలేదు.

పైన హిల్డ సామాను సర్దుకుంటోంది. షాపు దగ్గర గది తీసుకుంది. విడుదల అధికారిగా ఉండమని లూసియన్ స్వయంగా వచ్చి బతిమాలాడు. చూస్తానంది.

"నా మీద కోపం పోదా?" అంది ఇర్మా, గుమ్మంలో నిలబడి.

"నీ మీద కోపం వచ్చింది. తర్వాత పోయింది. ఆలస్యంగానైనా నువ్వు నోరు విప్పావు." హిల్డ చొక్కా మడతపెడుతూ ఆగింది. "నాన్న నా పేరు చదివాడమ్మా. ఎక్కడో ఒకచోట ఆగుతాడనుకున్నా. చివరి అక్షరం దాకా ఎదురుచూశా."

ఇర్మా కూతురి చేతిలోంచి చొక్కా తీసుకుని తను మడతపెట్టింది. హిల్డ ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది.

మరో వారం గడిచింది. ఒకరోజు పొద్దున్న గాస్టన్ తమ్ముడి అంత్యక్రియలకి వేసుకున్న నల్ల కోటు తొడుక్కున్నాడు. చచ్చిన పావురాల నంబర్లున్న నోటుబుక్కు, సభ్యుల జాబితా జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అంది ఇర్మా.

"ఇళ్ళకి." పది రోజుల్లో ఆమెతో అన్న మొదటి మాట అది. "నూటనలభై ఇళ్ళు. నేనే చేశానని ఒక్కొక్కళ్ళకీ నా నోటితో చెప్పాలి. హాల్లో చెప్పింది నువ్వు. నేను అవునన్నానంతే."

ఆమె కూడా కోటు వేసుకుంది.

అతని కళ్ళలో పొరలు, కారు నడపలేడు. ఇద్దరూ నడిచే వెళ్ళారు. మొదటి ఇంట్లో తలుపు మొహం మీదే వేసేశారు. రెండో ఇంట్లో విని, సరే అని పంపేశారు. నాలుగో ఇంటి ముసలాయన గుమ్మంలోనే నిలబెట్టి అన్నాడు: "ఓమెర్ నాకూ స్నేహితుడే గాస్టన్. వచ్చి అడిగుంటే నేనే వదిలెయ్యమనేవాణ్ణేమో. నువ్వు అడగలేదు." ఎనిమిదో ఇల్లు దాటేసరికి వాన పట్టుకుంది. ఇద్దరూ చర్చి గోడ వారగా నిలబడి ఉండగా హిల్డ కారు వచ్చి ఆగింది. దారిలో చూసినవాళ్ళెవరో ఆమెకి ఫోన్ చేసినట్టున్నారు.

"ఎక్కమ్మా" అంది అద్దం దించి. తండ్రి వైపు చూడలేదు. అయినా అతని కోసం ముందు సీటు తలుపు ఆమే తెరిచింది. "తర్వాత ఎవరిల్లు?"

"ఆగ్నెస్‌ది" అంది ఇర్మా.

ఆగ్నెస్ వాళ్ళని లోపలికి రానిచ్చింది. కూర్చోమంది. గాస్టన్ చెప్పాల్సింది చెప్పాడు. ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. పందొమ్మిది రింగు నంబర్లు, భర్త చేతిరాత.

"చదువు. పైకి చదువు" అంది.

గాస్టన్ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక నంబరు చదివాడు.

"నీలిది. ఆడది" అంది ఆగ్నెస్.

ఇంకో నంబరు.

"దాని తోడబుట్టింది. నా భుజం మీద వాలేది."

ఇంకోటి. "ఎడం రెక్క తెలుపు." ఇంకోటి. ఆమె ప్రతిదానికీ ఏదో ఒకటి చెప్పింది. గొంతు పెంచలేదు, తిట్టలేదు. పదకొండో నంబరు దగ్గర గాస్టన్ ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. రెండు అంకెలు చదివి మళ్ళీ ఆగాడు. పదకొండు. ఓమెర్‌వీ పదకొండే. అతనికేం గుర్తొచ్చిందో ఇర్మాకి తెలుసు. ఆమె లేవబోయింది.

అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉన్న హిల్డ ముందుకొచ్చింది. తండ్రి చేతిలోంచి కాగితం లాక్కోలేదు. అతని పక్కన వంగి, పదకొండో వరస కింద వేలు పెట్టి, ఆ నంబరు తను చదివింది. పన్నెండు చదివింది. పందొమ్మిది దాకా చదివింది. చివరికొచ్చేసరికి గాస్టన్ ఆగ్నెస్ బల్ల మీద తల వాల్చేసి ఏడుస్తున్నాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా ఆ మనిషి అలా ఏడవడం ఇర్మా చూడలేదు. హిల్డ చెయ్యి అతని వీపు దాకా వెళ్ళి, ఆగి, తర్వాత అక్కడే ఆనింది.

"మీకు కాఫీ ఇవ్వాలి" అంది ఆగ్నెస్ కాసేపయ్యాక. "ఇవాళ ఇవ్వలేను గాస్టన్. నా వల్ల కాదు."

"వద్దు" అన్నాడతను, మొహం తుడుచుకుంటూ.

బయట వాన తగ్గలేదు. ముగ్గురూ కార్లో కూర్చున్నారు. హిల్డ తాళం పెట్టింది.

"ఇంకా ఎన్ని ఇళ్ళు?" అని అడిగింది.

ఇర్మా వెనక సీట్లో జాబితా మీద వేలితో లెక్కపెట్టింది. "నూటముప్పై ఒకటి."

"రేపు షాపుకి సెలవు పెడతా. ఎనిమిదింటికి తయారుగా ఉండండి." హిల్డ తాళం తిప్పింది. కారు కదలబోతూ ఆగింది. ఆమె పక్కకి తిరిగింది. "బెల్టు పెట్టుకో నాన్నా."

గాస్టన్ బెల్టు లాగాడు. కొక్కెం దొరకట్లేదు. ఒకసారి, రెండుసార్లు తడిమాడు. హిల్డ వంగి అతని చేతి మీద చెయ్యి వేసి, బెల్టుని తీసుకుని పెట్టింది.